తెగిన వేళ్ళకు చందా ఎన్నాళ్ళు?

జూన్‌లో బడులు తెరుస్తారు. అంతకు రెండు మూడు నెలల ముందునుంచే నోటుపుస్తకాల కార్ఖానాలలో రాత్రి, పగలు తేడా ఉండదు. సంవత్సరాంతంలో క్యాలెండర్లు, డైరీలు వస్తాయి. పెళ్ళిళ్ళ కాలంలో ఛత్తా బజార్ సందులలో షాదీ కార్డుల పని ఊపిరి తీసుకోనివ్వదు. వీటికి తోడు కవర్లు, కాగితపు సంచులు, మిఠాయి డబ్బాలు, పేపరు ప్లేట్లు, టీ కప్పులు. హైదరాబాదు పాతబస్తీలోనూ, విజయవాడలోనూ, మరెన్నో పట్టణాలలోనూ ఈ కాగితపు పనిని నమ్ముకొని బతుకుతున్న ముస్లిం కుటుంబాలు అనేకం. వాటిలో కార్మికులూ ఉన్నారు, నిన్నటిదాకా కార్మికులుగా ఉండి నేడు అప్పుచేసి ఒక యంత్రం కొనుక్కున్న చిన్న యజమానులూ ఉన్నారు. మన సమాజం స్వయం ఉపాధిలోనూ, అసంఘటిత రంగంలోనూ అధికంగా ఉన్నదని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పిన మాటకు ఈ కార్ఖానాలు నిలువెత్తు సాక్ష్యాలు.

కాగితం మెత్తనిదే. కాని దాన్ని కోసే యంత్రం మెత్తనిది కాదు. రీములకొద్దీ కాగితాన్ని ఒక్క వేటుతో తెగ్గొట్టే కటింగ్ మిషన్, అట్టను నొక్కి ఆకారం తీసే పంచింగ్ మిషన్, ప్లేట్లను అచ్చుపోసే ప్రెస్సు, పుస్తకానికి తీగ కుట్టే మిషన్, ఇవన్నీ చేతులతో అతి సమీపంగా మెలగవలసినవి. కొత్త కటింగ్ మిషన్లలో రెండు మీటలను రెండు చేతులతో ఒకేసారి నొక్కితే గాని కత్తి దిగదు. చేతులు కత్తికింద ఉండకూడదన్నదే ఆ ఏర్పాటు ఉద్దేశం. ఆర్డరు తొందరలో ఒక మీటను కట్టివేసి, ఖాళీ అయిన చేతితో కాగితం సర్దటం చాలాచోట్ల అలవాటైపోయింది. సెకండ్ హ్యాండులో కొన్న పాత మిషన్లకు ఆ పాటి రక్షణ కూడా ఉండదు.

ఈ నెల సంపాదకీయాన్ని ఒక ఒప్పుకోలుతో మొదలుపెట్టవలసి వస్తున్నది. 2022 వేసవిలో నాకు తెలిసిన ఒక బైండింగ్ కార్ఖానాలో కటింగ్ మిషన్ మీద పనిచేసే ముప్పయ్యేళ్ళ యువకునికి కుడిచేతి వేళ్ళు మూడు తెగిపోయాయి. నెల జీతం 12,000 రూపాయలు. యజమాని దుర్మార్గుడేమీ కాదు. ఆటోలో తానే ఆసుపత్రికి తీసుకుపోయాడు. బిల్లు కట్టాడు. పోలీసు కేసు అవుతుందన్న భయంతో, ఇంట్లో తలుపుసందున చెయ్యి పడిందని మాత్రం వ్రాయించాడు. తరువాత పెద్దమనుషులు కూర్చున్నారు. యజమాని 25,000 ఇచ్చాడు. జుమా నమాజు తరువాత మస్జిద్ గుమ్మం దగ్గర రుమాలు పరిస్తే మరో 18,000 పోగయ్యాయి. "ఇకపై నాకు ఏ విధమైన హక్కుగాని, దావాగాని లేదు" అని ఒక కాగితం వ్రాసి ఆ యువకుని ఎడమచేతి వేలిముద్ర తీసుకున్నారు.

ఆ కాగితం వ్రాసినవాణ్ణి నేనే. ముప్పయ్యేళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కాబట్టి, దస్తూరి బాగుంటుంది కాబట్టి, నన్ను పిలిచారు. ఒక తగవు సామరస్యంగా తీర్చామన్న తృప్తితో ఇంటికి వచ్చాను.

చట్టం ఏమి చెబుతున్నదో నేను చదివింది ఆ తరువాత చాలా కాలానికి. చదివాక కాగితం, పెన్సిలు తీసుకొని లెక్క వేశాను. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం, 2010 నుంచి ఉద్యోగుల నష్టపరిహార చట్టమని పేరు మార్చుకున్నది. దాని అనుబంధంలో ఏ అవయవం పోతే సంపాదనశక్తి ఎంత శాతం తగ్గినట్లో పట్టిక ఉన్నది. ఒక చేతి నాలుగు వేళ్ళు పోతే 50 శాతం. మూడు వేళ్ళు పోతే 30. రెండు పోతే 20. బొటనవేలు ఒక్కటే పోయినా 30. మరొక పట్టికలో వయస్సునుబట్టి ఒక గుణకం ఉన్నది. ముప్పయ్యేళ్ళవానికి అది 207.98. నెలవేతనంలో 60 శాతాన్ని ఆ గుణకంతో హెచ్చవేసి, అందులో నష్టపోయిన శాతాన్ని తీయాలి. 12,000లో 60 శాతం 7,200. దానిని 207.98తో హెచ్చవేస్తే 14,97,456. అందులో 30 శాతం 4,49,237 రూపాయలు. వైద్యానికైన అసలు ఖర్చు దీనికి అదనం. గాయం మానుతున్నంతకాలం పని లేక ఇంట్లో కూర్చున్న రోజులకు, పదిహేను రోజులకొకసారి నెలవేతనంలో నాలుగోవంతు చొప్పున ఇవ్వవలసిన భృతి వేరు.

నాలుగున్నర లక్షలు హక్కుగా రావలసినవానికి మేము 43,000 దయగా ఇప్పించి, దువాలు అందుకొని వచ్చాము.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తెలిసింది. నష్టపరిహారపు హక్కును వదులుకుంటున్నట్లు కార్మికుడు వ్రాసిచ్చిన ఒప్పందం ఏదీ చెల్లదని ఆ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతున్నది. రాజీ పడటానికి చట్టం అడ్డు చెప్పలేదు. అయితే ఆ రాజీపత్రాన్ని పరిహార కమిషనరు ముందు నమోదు చేయించాలి. మొత్తం న్యాయంగా లేదనిపిస్తే ఆయన తిరస్కరించవచ్చు. నేను వ్రాసిన కాగితానికి ఏ విలువా లేదు. కాని దానికి విలువ ఉన్నదని నమ్మిన ఆ యువకుడు కార్మికశాఖ గడప తొక్కలేదు. దావా వేయటానికి చట్టమిచ్చిన గడువు రెండేళ్ళు. తగిన కారణముంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనరుకు ఉన్నది గాని, ఆసుపత్రి రికార్డులోనే "ఇంట్లో ప్రమాదం" అని వ్రాసి ఉన్నప్పుడు ఎవరేమి నిరూపించగలరు? ఇప్పుడతను ఒక అపార్ట్‌మెంటు దగ్గర రాత్రి కాపలా ఉంటున్నాడు. ఈమధ్య కనిపించినప్పుడు ఈ లెక్క సంగతి చెప్పాను. కాసేపు ఊరుకొని, "ఆ కాగితం మీరే కదా చాచా రాసింది" అన్నాడు. కోపంతో అనలేదు. అందుకే ఆ మాట నన్ను వదలటంలేదు.

ఈ చట్టం మూలసూత్రం పాఠకులు గ్రహించాలి. ప్రమాదంలో యజమాని తప్పు ఉన్నదా లేదా అన్న ప్రశ్న ఇందులో లేదు. పనివల్ల, పనిలో ఉండగా గాయమైతే పరిహారం యజమాని బాధ్యత. "వాడే మీట కట్టేశాడు, నేను చెప్పలేదు" అన్న సమాధానం తరచుగా వింటాము. రక్షణ పరికరాన్ని కార్మికుడు బుద్ధిపూర్వకంగా తొలగించినట్లు రుజువైతే కొన్ని గాయాల విషయంలో యజమాని తప్పించుకోవచ్చు. మరణం సంభవించినా, శాశ్వత సంపూర్ణ వైకల్యం కలిగినా ఆ సాకు కూడా పనిచేయదు. అయినా, మీట కట్టితే తప్ప తీరనంత ఆర్డరు ఒప్పుకొని, కట్టినట్లు చూస్తూ ఊరుకున్న యజమాని ఆ తప్పును పనివాని మీదికి నెట్టగలడా అని మన అంతరాత్మను మనమే అడగాలి.

చెల్లించవలసిన సొమ్మును నెలరోజులు దాటి ఆపితే ఏటా 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే అసలులో సగం వరకు జరిమానా ఆ చట్టంలో ఉన్నాయి. మరణించినవారి విషయంలో పరిహారాన్ని కమిషనరు వద్దనే జమచేయాలి. వితంతువు చేతిలో నాలుగు నోట్లు పెట్టి ముగించటానికి వీలులేదు. పరిహారపు హక్కులను ఉద్యోగంలో చేర్చుకొనేటప్పుడే కార్మికునికి అర్థమయ్యే భాషలో వ్రాతపూర్వకంగా తెలపాలని 2017లో సవరణ కూడా చేశారు. మన కార్ఖానాలలో అటువంటి కాగితం ఒక్కటి అందుకున్న పనివాణ్ణి నేనింకా చూడలేదు. 2025 నవంబరు 21 నుంచి ఈ పాత చట్టం సామాజిక భద్రతా స్మృతి–2020లో విలీనమై అందులో ఏడవ అధ్యాయమైంది. పేరు మారింది, అధికారి హోదా మారింది. యజమాని బాధ్యత అన్న సూత్రమూ, 50 శాతం, 60 శాతం అన్న లెక్కా మారలేదు.

ఇక రెండవ వైపు చూద్దాం. ఆరుగురు పనివాళ్ళతో అద్దె షెడ్డులో బైండింగ్ నడిపే మనిషి నాలుగున్నర లక్షలు ఎక్కడనుంచి తెస్తాడు? మరణమైతే లెక్క ఇంకా పెరుగుతుంది. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకొనే గరిష్ఠ నెలవేతనం 15,000. ఆ వేతనమున్న ముప్పయ్యేళ్ళ కార్మికుడు చనిపోతే పరిహారం 15,59,850 రూపాయలు. యంత్రం అమ్మినా అంత రాదు. చిన్న యజమాని అబద్ధమాడేది, ఆసుపత్రిలో తప్పు వ్రాయించేది, మాలాంటివారిని పిలిచి కాగితం వ్రాయించుకొనేది ఈ భయంతోనే. చట్టం బాధ్యతను అతని నెత్తిన పెట్టింది. ఆ బరువు మోసే శక్తిని అతడే సమకూర్చుకోవాలి. అందుకున్న మార్గం బీమా.

ఉద్యోగుల నష్టపరిహార బీమా పాలసీని న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు ప్రభుత్వరంగ సంస్థలతోపాటు ప్రైవేటు సంస్థలూ ఇస్తున్నాయి. ఏడాది మొత్తంలో చెల్లించే వేతనాలను, పనిలోని ప్రమాదస్థాయిని బట్టి ప్రీమియం నిర్ణయిస్తారు. ప్రమాదం జరిగినప్పుడు చట్టం ప్రకారం యజమాని చెల్లించవలసిన పరిహారాన్ని పాలసీ షరతులకు లోబడి బీమా సంస్థ భరిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట 21,000 రూపాయల వరకు వేతనమున్నవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. అక్కడ యజమాని వాటా 3.25 శాతం, కార్మికుని వాటా 0.75 శాతం. ఈఎస్ఐలో ఉన్న కార్మికునికి ప్రమాద భృతి, వైద్యం అక్కడినుంచే లభిస్తాయి. యజమానిపై వేరే దావా ఉండదు. పదిమందికి తక్కువ ఉన్నచోట కూడా యజమాని, అధికసంఖ్యాక కార్మికులు సమ్మతిస్తే ఈఎస్ఐలో చేరే వెసులుబాటును కొత్త స్మృతి కల్పించింది.

బ్యాంకు అప్పుతో యంత్రం కొన్న ప్రతి యజమానికీ బీమా అంటే ఏమిటో తెలుసు. యంత్రానికీ, సరుకుకూ అగ్నిప్రమాద బీమా చేయించనిదే బ్యాంకు అప్పివ్వదు. అందుచేత కార్ఖానాలో కాగితపు రీములకు బీమా ఉన్నది, కటింగ్ మిషనుకు ఉన్నది. ఆ మిషను ముందు నిలబడి పదిగంటలు పనిచేసే మనిషికి లేదు. అడిగే బ్యాంకు అతని పక్షాన లేకపోవటమే దీనికి కారణం.

పాలసీ తీసుకొన్నవారు కూడా మోసపోయే సందర్భాలున్నాయి. ఎనిమిదిమంది పనిచేస్తుంటే నలుగురినే చూపటం, 12,000 జీతాన్ని 6,000గా వ్రాయటం, కటింగ్ పనివాణ్ణి ఆఫీసు సహాయకుడిగా నమోదుచేయటం, ఇవన్నీ ప్రీమియంలో కొన్ని వందలు మిగిల్చి ప్రమాదం నాడు లక్షలు పోగొట్టే తెలివితేటలు. వైద్యఖర్చులు, కాంట్రాక్టు కార్మికులు పాలసీలో చేరి ఉన్నారో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. ఆలస్యానికి పడే వడ్డీ, జరిమానాలను సాధారణంగా బీమా సంస్థ భరించదు. గడువు తేదీ సీజను మధ్యలో పడి, రెన్యువల్ మరచిపోతే ఆ వారం రోజులు ఏ రక్షణా ఉండదు. ప్రమాదం జరిగిన వెంటనే సంస్థకు తెలపాలి. ఆసుపత్రిలో జరిగింది జరిగినట్లు వ్రాయించాలి. "ఇంట్లో పడ్డాడు" అన్న ఒక్క వాక్యం కార్మికుని హక్కునూ, యజమాని కట్టిన ప్రీమియాన్నీ ఒకేసారి నీటిపాలు చేస్తుంది.

కొందరు ధర్మభీరువులైన యజమానులు బీమా విషయంలో షరీఅత్ దృష్ట్యా సంకోచిస్తారు. వారి సంకోచాన్ని నేను గౌరవిస్తాను. వడ్డీ, అనిశ్చితి గురించి ఉలమాల మధ్య ఉన్న చర్చలో వేలుపెట్టే అర్హత ఒక విశ్రాంత గుమాస్తాకు లేదు. వారు తాము నమ్మిన ఆలిమును అడగాలి. అడిగేటప్పుడు ఇది లాభం కోసం తీసుకొనే పాలసీ కాదనీ, ఇతరులకు తాను చెల్లించవలసి రాగల బాధ్యతకు తీసుకొనేదనీ వివరంగా చెప్పాలి. ఒక్క విషయంలో మాత్రం చర్చకు తావులేదు. బీమా వద్దనుకున్నంత మాత్రాన బాధ్యత తీరదు. మన ఫిఖ్ గ్రంథాలలో దియత్ ప్రకరణం తెరచి చూడండి. ఒక్కొక్క వేలికి పది ఒంటెలని, చిటికెనవేలికీ బొటనవేలికీ తేడా లేదని విడివిడిగా లెక్క కట్టారు. పొరపాటున జరిగిన ప్రాణనష్టపు భారం ఒక్కడి మీద పడి వాడు నలిగిపోకుండా, ఆఖిలా అనే బంధువర్గం పంచుకొని మోసే ఏర్పాటు చేశారు. హనఫీ ఫిఖ్‌లో ఒకే దీవాను, అంటే ఒకే రిజిస్టరులో పేర్లున్నవారు కూడా ఆఖిలా అవుతారు. నేటి యంత్రప్రమాదానికి ఈ నియమాలు యథాతథంగా వర్తిస్తాయని నేననటం లేదు. మనిషి వేలికి విలువ కట్టి చెల్లించాలన్నదీ, ఆ భారాన్ని నలుగురూ పంచుకోవాలన్నదీ మనకు పరాయి ఆలోచనలు కావని మాత్రమే అంటున్నాను. సంకోచమున్నవారు ఈఎస్ఐలో చేరవచ్చు. లేదా బజారులోని యజమానులంతా కలిసి, పేర్లు వ్రాసి, నెలనెలా జమచేసే పరిహారనిధిని ఏర్పరచుకోవచ్చు. ఏదీ చేయకుండా తవక్కుల్ అనటం తగదు.

చందా గురించి కూడా స్పష్టంగా చెప్పాలి. సదఖా పుణ్యకార్యం, సందేహం లేదు. అయితే యజమాని చెల్లించవలసిన బాకీని మస్జిద్ గుమ్మం దగ్గర పదిరూపాయల నోట్లతో తీర్చటం సదఖా అవుతుందా? దానివల్ల తన హక్కు పొందవలసినవాడు చెయ్యిచాచినవాడవుతాడు. బాకీదారు దాతల వరుసలో నిలబడతాడు. అత్యవసరానికి చందా వసూలు చేయండి, తప్పులేదు. దానితోపాటే ఒక మనిషి ఆ కుటుంబాన్ని వెంటబెట్టుకొని కార్మికశాఖ కార్యాలయానికి వెళ్ళాలి. ఇన్నాళ్ళూ మా తరం చేయని పని అదే.

పెద్ద ముద్రణాలయాలకు, ప్రచురణకర్తలకు కూడా ఒక మాట. తమ ఆవరణలో కాంట్రాక్టరు కింద పనిచేసేవారికి ప్రమాదం జరిగితే అసలు యజమానిగా తామే పరిహారం చెల్లించవలసి వస్తుంది. ఆ తరువాతనే కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. కటింగ్, బైండింగ్ పనిని బయటి షెడ్డులకు జాబ్‌వర్కుగా పంపినప్పుడు ఆ బాధ్యత కూడా లారీలో కాగితంతోపాటే బయటికి పోతుంది. పంపేవారు ఇచ్చే రేటులో పైసల కోసం బేరమాడినంతకాలం, ఆ షెడ్డు యజమాని ప్రీమియం కట్టలేడు. రేటులో బీమా ఖర్చును ఒక అంశంగా చేర్చి అడిగే ధైర్యం బైండింగ్ యజమానుల సంఘాలకు రావాలి.

ఇళ్ళలో కూర్చొని వెయ్యికి ఇంతని కవర్లు, సంచులు అంటించే మన స్త్రీలు ఈ వలయానికి ఇంకా వెలుపలనే ఉన్నారు. వారికి యజమాని ఎవరో తెలియదు, సరుకు తెచ్చే మనిషి మాత్రమే తెలుసు. ఏటా 20 రూపాయలతో బ్యాంకులో లభించే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ళ మధ్యవారు ప్రతి ఒక్కరూ అందులో చేరటం మంచిదే. కాని అది వేళ్ళు తెగితే ఆదుకొనే పథకం కాదని గుర్తుంచుకోవాలి. పాక్షిక వైకల్యం కింద ఇచ్చే లక్ష రూపాయలు ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో పూర్తిగా పోయినప్పుడే. కార్ఖానా యజమాని పాలసీకి అది ప్రత్యామ్నాయం కానేరదు.

కార్మిక సోదరులు తమవంతుగా చేయవలసింది స్వల్పమే. జీతం చేతికి కాక ఫోను ద్వారా ఖాతాలో పడేటట్లు అడగండి. అది మీరు అక్కడ పనిచేస్తున్నట్లు రుజువు. హాజరు చీటీని ఫోటో తీసి ఉంచుకోండి. ప్రమాదం జరిగితే డాక్టరుకు నిజమే చెప్పండి. చదవకుండా దేనిమీదా వేలిముద్ర వేయకండి, వ్రాసినవాడు ఎంత నమ్మకస్తుడైనా సరే.

మరికొన్ని వారాలలో నోటుపుస్తకాల సీజను మొదలవుతుంది. యజమానులు కొత్త కత్తులకు సాన పట్టిస్తారు, రీములకు అడ్వాన్సులు ఇస్తారు. అదే జాబితాలో ఒక వరుస చేర్చుకోమని కోరుతున్నాను: పనివాళ్ళందరి పేర్లు, అసలు జీతాలు వ్రాసుకొని బీమా కార్యాలయానికో, ఈఎస్ఐ కార్యాలయానికో ఒకసారి వెళ్ళిరావటం. ఫారాలు నింపటం రానివారు ఈ పత్రిక కార్యాలయానికి వస్తే నేను నింపి ఇస్తాను. దస్తూరి ఇప్పటికీ బాగానే ఉన్నది. ఈసారి దానిని సరైన కాగితం మీద ఉపయోగించాలని నా కోరిక.